డ్రైయర్ తిరగట్లేదా? మెకానిక్‌ను పిలిచే ముందు ఇవి చూసుకోండి

వానాకాలం వచ్చిందంటే బట్టలు ఆరడం పెద్ద సమస్య. మేడ మీద తీగ కట్టుకునే వీలు లేని ఫ్లాట్లలో, ఇరుకు ఇళ్లలో సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్ డ్రైయరే దిక్కు. అది ఆగిపోతే ఇల్లంతా తడి బట్టలే. అయితే డ్రైయర్‌కు వచ్చే రిపేర్లలో చాలావరకు చిన్నవే, కొన్ని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. రెండు విషయాలను మాత్రం రేపు చూద్దాం అని వదిలేయకూడదు. ఒకటి బ్రేక్, రెండోది కరెంట్ షాక్.

డ్రైయర్ ఎలా పని చేస్తుంది?

మన ఇళ్లలో డ్రైయర్ అంటే మెషీన్‌లో ఒక పక్కన ఉండే చిన్న టబ్. ఇందులో వేడి గాలి రాదు. రంధ్రాలున్న బుట్ట నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరుగుతుంది. ఆ వేగానికి బట్టల్లోని నీళ్లు బయటికి చిమ్మి పైపు గుండా పోతాయి. అందుకే బట్టలు చెమ్మగా వస్తాయి, పూర్తిగా ఆరవు. గల్ఫ్‌లో, అమెరికాలో వాడే వేడి గాలి డ్రైయర్ వేరే మెషీన్. దాంట్లో నూగు పట్టే జాలీని ప్రతిసారీ శుభ్రం చేయాలి, లేకుంటే మంటలు రేగే ప్రమాదం ఉంటుంది.

బుట్ట కింద మోటారు, దానికి కెపాసిటర్, పైన టైమర్, మూత దగ్గర ఒక స్విచ్ ఉంటాయి. మూత తీస్తే స్విచ్ కరెంట్‌ను ఆపుతుంది, బ్రేక్ బుట్టను పట్టుకుంటుంది. మూత వేస్తే బ్రేక్ వదులుతుంది. లోపం ఎక్కడుందో తెలియాలంటే ఈ వరుస గుర్తుంటే చాలు.

అసలు చప్పుడే రాకపోతే

ముందు వాష్ వైపు తిప్పి చూడండి. అది తిరిగితే ప్లగ్, కరెంట్ బాగున్నట్టే. డ్రైయర్ మూత పూర్తిగా పడిందో లేదో చూసుకోండి. మూత కొంచెం లేచి ఉన్నా స్విచ్ పట్టదు. వరసగా నాలుగైదు లోడ్లు వేసి ఉంటే మోటారు వేడెక్కి ఆగి ఉండొచ్చు, అరగంట ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ కదలకపోతే మూత స్విచ్‌లోనో, టైమర్‌లోనో, మోటారులోనో లోపం ఉన్నట్టు. అది మెకానిక్ పని.

గుయ్‌మంటుంది కానీ తిరగదు

వెంటనే టైమర్ ఆపి ప్లగ్ తీసేయండి. అలాగే వదిలేస్తే మోటారు కాలిపోతుంది. ప్లగ్ తీసి, మూత వేసినప్పుడు బ్రేక్ వదులుతుందో లేదో గమనించండి. బుట్ట గట్టిగా ఉంటే బుట్టకూ బయటి టబ్‌కూ మధ్య సాక్సో, కర్చీఫో ఇరుక్కుని ఉండొచ్చు. పైకి కనిపిస్తే మెల్లగా లాగేయండి. ఏమీ కనిపించకపోతే బ్రేక్ వైరు తెగి, బ్రేక్ పట్టేసి ఉండే అవకాశం ఉంది.

ఏమీ ఇరుక్కోలేదు, బ్రేక్ కూడా వదులుతోంది, అయినా కరెంట్ ఇస్తే గుయ్‌మని ఆగిపోతోంది అంటే ఎక్కువగా కెపాసిటర్ పోయినట్టే. ఇది తక్కువ ఖర్చుతో అయ్యే పని. కానీ మీరు ముట్టుకోవద్దు. ప్లగ్ తీసిన తర్వాత కూడా కెపాసిటర్‌లో కరెంట్ నిలవ ఉంటుంది. పాతదాని మీద ఏ విలువ రాసి ఉందో అదే విలువది వేయమని మెకానిక్‌కు చెప్పండి.

దడదడ శబ్దం, మెషీన్ ఊగిపోవడం

చాలాసార్లు కారణం బట్టలు ఒకే పక్కన పడటం. మెషీన్ ఆపి, బట్టలు తీసి, చుట్టూ సమానంగా సర్ది, పైన ప్లాస్టిక్ బిళ్ల పెట్టి నొక్కండి. ఈ బిళ్లను చాలామంది ఎక్కడో పడేస్తారు. అది లేకపోతే చున్నీల కొంగులు, పైజామా నాడాలు పైకి లేచి టబ్ సందులో చుట్టుకుంటాయి. ఒక్క బరువైన దుప్పటే వేస్తే బరువు ఒక పక్కకు పోతుంది. రెయిన్‌కోట్లు, ప్లాస్టిక్ పూత ఉన్న షీట్లు అసలు వేయవద్దు. వాటిలో నీళ్లు నిలిచిపోయి బుట్ట ఒక్కసారిగా అదుపు తప్పుతుంది.

మెషీన్ నాలుగు కాళ్లూ నేల మీద సమంగా ఆనాయో లేదో చూడండి. ఖాళీ బుట్ట తిప్పినా శబ్దం వస్తుంటే మోటారు కింది స్ప్రింగులో, బుట్టను మోటారుకు కలిపే స్క్రూలో వదులైనట్టు.

కింద నీళ్లు కారితే

పైపు దగ్గర కారితే పైపు పగిలిందేమో చూడండి. ఎలుకలు కొరకడం మామూలే. మెషీన్ అడుగున జాలీ లేకపోతే పెట్టించండి. డ్రైయర్ సరిగ్గా కింద నుంచి చుక్కలు పడుతుంటే మాత్రం బుట్ట అడుగున ఉండే రబ్బరు సీలు చిరిగినట్టు. ఆ నీళ్లు నేరుగా మోటారు మీద పడతాయి. ముందు బేరింగ్ తుప్పు పట్టి గీరుతున్న శబ్దం వస్తుంది, తర్వాత మోటారే పోతుంది. మోటారు ఖరీదుతో పోలిస్తే రబ్బరు సీలు ఖర్చు చాలా తక్కువ. మార్పించే దాకా డ్రైయర్ వాడకండి.

బట్టలు తడిగానే వస్తే

బుట్ట నిండా కుక్కితే నీళ్లు సరిగ్గా పిండవు. నీళ్లు బయటికి పోయే పైపును గట్టు మీదో, బకెట్ అంచు మీదో పెట్టినా ఇదే సమస్య. పంపు లేని మెషీన్లలో పైపు నేల మీదే ఉండాలి. నూగు, మట్టి అడ్డుపడి ఉంటే పైపు విప్పి కడగండి. పల్చటి బట్టలకు 1–2 నిమిషాలు, జీన్స్, టవళ్లకు 4–5 నిమిషాలు తిప్పితే సరిపోతుంది.

మూత తీసినా ఆగట్లేదా? వాడటం ఆపేయండి

ఇది అన్నిటికన్నా ప్రమాదం. మూత తీసిన కొన్ని సెకన్లలో బుట్ట పూర్తిగా ఆగాలి. 15 సెకన్లు దాటినా తిరుగుతూనే ఉంటే బ్రేక్ అరిగిందనో, వైరు సరిగ్గా లేదనో అర్థం. మెల్లగానే తిరుగుతోంది కదా అని చెయ్యి పెడితే బట్ట వేళ్లకు చుట్టుకుని లోపలికి లాగేస్తుంది. వేళ్లు విరగొచ్చు, తెగిపోవచ్చు కూడా. పిల్లలకు ఇది ఆటలా కనిపిస్తుంది. మూత స్విచ్‌ను తీసేసి వైర్లు నేరుగా కలిపేస్తే చాలు అని ఎవరైనా మెకానిక్ అంటే ఒప్పుకోవద్దు. అలా చేస్తే మూత తెరిచి ఉన్నా మోటారు తిరుగుతుంది.

చేతికి జిల్లుమంటే

తడి చేత్తో ముట్టుకున్నప్పుడు కొంచెం జిల్లుమన్నా సరే, మెయిన్ ఆపి ప్లగ్ తీసేయండి. చెప్పులు వేసుకుని వాడుకోవచ్చులే అనుకోవద్దు. మూడు పిన్నుల ప్లగ్ ఉంటే చాలదు, సాకెట్‌కు ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. తడి నేల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టవద్దు. వీలైతే ఇంటికి 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంట్ లీకైతే అది వెంటనే సప్లయ్ ఆపేస్తుంది. అద్దె ఇల్లయితే ఎర్తింగ్ విషయం ముందే ఓనర్‌తో మాట్లాడుకోండి.

నెలనెలా చేయాల్సినవి

• ప్లగ్ తీసి బుట్ట, మూత, సబ్బు జిడ్డు పట్టే అంచులు తుడవండి.
• బోరు నీళ్లకు తెల్లటి పొర కడితే నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లతో రుద్ది కడగండి. దాంట్లో బ్లీచింగ్ కలపవద్దు, విషవాయువు వస్తుంది.
• వాడిన తర్వాత ప్లగ్ తీసి, చెమ్మ ఆరేదాకా మూత తెరిచి ఉంచండి.
• కిరోసిన్, పెట్రోల్ అంటిన బట్టలు వేయవద్దు.
• వేసే ముందు జేబుల్లో నాణేలు, పిన్నులు ఉన్నాయేమో చూడండి.

సెకండ్ హ్యాండ్ మెషీన్ కొనేవాళ్లు డబ్బులు ఇచ్చే ముందు షాపులోనే మూడు పరీక్షలు చేయండి. ఖాళీ బుట్ట తిప్పి శబ్దం వినండి. తిరుగుతుండగా మూత తీసి ఎంతసేపట్లో ఆగుతుందో లెక్కపెట్టండి. తడి బట్టలు వేసి తిప్పి, కింద నీళ్లు కారుతున్నాయేమో వంగి చూడండి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి సరిగ్గా లేకపోయినా, ముందు దాన్ని బాగు చేయించి ఇవ్వమని అడగండి.