మూయడానికి వీల్లేని తలుపు
ఊపిరితిత్తులు, పెర్ల్ రివర్, మన ఎల్లాప్రగడ

ఇలాంటి సభలు జరిగినప్పుడల్లా మనం డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకుంటాం. "ఆరియోమైసిన్ కనిపెట్టిన తెలుగువాడు" అని వేదిక మీద ఎవరో ఒకరు అంటారు, మనం చప్పట్లు కొడతాం. ఆ మందు దేనికి పనికొచ్చింది, అంతకుముందు జనం ఎలా బతికారు, ఎవరెవరి చేతుల మీదుగా అది వచ్చింది అని పిల్లలు అడిగితే మాత్రం మనలో చాలామందిమి తడుముకుంటాం.

నేను వైద్యుణ్ణి కాను. ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్నవాణ్ణి. 2020లో కోవిడ్ వచ్చి అందరం ఇళ్లలో కూర్చున్నప్పుడు, అసలు మన ఊపిరితిత్తులు ఇంత తేలికగా ఎందుకు జబ్బుకు దొరికిపోతాయన్న ప్రశ్నతో చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ దారి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే చిన్న ఊరికి చేరింది. ఆ దారిలో తెలుసుకున్నది మీతో పంచుకుందామని ఈ ప్రయత్నం.

తలుపులు తెరిచిన ఇల్లు

మన శరీరంలో గుండె, మెదడు, కాలేయం లోపల భద్రంగా ఉంటాయి. ఊపిరితిత్తులకు ఆ సౌకర్యం లేదు. రోజుకు సుమారు 10,000 లీటర్ల గాలి వాటిలోకి వెళ్లి రావాలి. ఆ గాలితో పాటు దుమ్ము, పుప్పొడి, పొగ, సూక్ష్మజీవులు కూడా వస్తాయి. గాలిగొట్టం చెట్టు కొమ్మల్లా చీలుతూ పోయి, సుమారు 23 చీలికల తర్వాత చిన్న చిన్న గాలి సంచులుగా ముగుస్తుంది. ఇవి కోట్ల సంఖ్యలో ఉంటాయి. వీటన్నిటినీ విప్పి పరిస్తే 70 చదరపు మీటర్లకు అటూ ఇటూ ఉంటుందని లెక్క. అంటే ఒక చిన్న అపార్ట్‌మెంటంత. మన ఒంటి మీది చర్మం రెండు చదరపు మీటర్లకు మించదు. పైగా చర్మం మందం, గాలి సంచి గోడ మందం మైక్రాను కంటే తక్కువ. అంత పల్చగా ఉంటేనే ఆక్సిజన్ రక్తంలోకి దిగుతుంది. బతకడానికి కావలసిన ఆ పల్చదనమే ప్రమాదం కూడా.

అయినా కాపలా లేకుండా లేదు. ముక్కులో వెంట్రుకలు, వంకర దారులు పెద్ద కణాలను ఆపుతాయి. గొట్టాల లోపల జిగట పొర ఉంటుంది. దాని కింద కంటికి కనిపించని కేశాలు సెకనుకు పదిసార్లకు పైగా కదులుతూ, చిక్కిన చెత్తను గొంతు వైపు పైకి నెడుతుంటాయి. అక్కడికి వచ్చిన దాన్ని మనకు తెలియకుండానే మింగేస్తాం, లేకపోతే దగ్గి బయటపడేస్తాం. గాలి సంచుల్లో ఈ కేశాలు లేవు. అక్కడ సూక్ష్మజీవులను మింగేసే కణాలు గస్తీ తిరుగుతాయి. ఒక అంచె తప్పితే ఇంకో అంచె అన్నట్టు కట్టిన ఏర్పాటు ఇది. అయితే మొదటి అంచెలు ఒక్కసారిగా కూలితే ఏమవుతుంది? దానికి జవాబు 1918లో దొరికింది.

1918 చెప్పిన పాఠం

ఆ సంవత్సరం ఆగస్టు చివర్లో బోస్టన్ రేవులోని నావికుల్లో ఇన్‌ఫ్లుయెంజా తీవ్రంగా కనిపించింది. సెప్టెంబరుకల్లా దగ్గర్లోని క్యాంప్ డెవెన్స్ సైనిక శిబిరం ఆసుపత్రి నిండిపోయింది. అమెరికాలో సుమారు 6,75,000 మంది చనిపోయారు. మన దేశంలో బొంబాయి రేవు నుంచి రైళ్ల వెంట వ్యాపించి, కోటికి పైగా ప్రాణాలు తీసిందని చరిత్రకారుల అంచనా. ప్రపంచంలో ఏ దేశమూ అంతమందిని పోగొట్టుకోలేదని అంటారు.

అప్పట్లో దాచిపెట్టిన సైనికుల ఊపిరితిత్తుల ముక్కలను అమెరికా శాస్త్రజ్ఞులు మళ్లీ పరీక్షించి 2008లో ఒక సంగతి చెప్పారు. వైరస్ దారి తెరిచింది, ఎక్కువమందిని చంపింది మాత్రం ఆ వెనుక వచ్చిన బాక్టీరియా న్యుమోనియా. వైరస్ గాలిగొట్టాల లోపలి పొరను, ఆ కేశాలతో సహా ఒలిచేస్తుంది. మామూలుగా ముక్కులో, గొంతులో ఊరకే పడి ఉండే బాక్టీరియా ఆ దెబ్బతిన్న దారిన కిందికి జారి గాలి సంచుల్లో చేరుతుంది. దాన్ని చంపే మందు 1918లో ఒక్కటీ లేదు. మంచి గాలి, పడక, గంజి, నర్సు చేతి సేవ, అంతే వైద్యం.

భీమవరం నుంచి బోస్టన్

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. మందు లేని జబ్బు అంటే ఏమిటో ఆయనకు ఇంట్లోనే తెలిసింది.

1923 అక్టోబరులో ఆయన బోస్టన్‌లో దిగారు. క్యాంప్ డెవెన్స్ సంగతి జరిగి అప్పటికి ఐదేళ్లు. భారతీయులు అమెరికా పౌరులు కాలేరని ఇక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తీర్పు చెప్పింది ఆ సంవత్సరం ఫిబ్రవరిలోనే. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ మీద వారి పని తర్వాత వచ్చింది. 1940లో ఆయన పెర్ల్ రివర్‌లోని లెడర్లీ లేబొరేటరీస్‌కు మారి, అక్కడ పరిశోధన విభాగానికి నాయకుడయ్యారు. ఆయన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తోబుట్టువులను తీసుకుపోయిన స్ప్రూకు అలా మందు దొరికింది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, కాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ విభాగం నుంచి వచ్చినవే.

మిస్సోరీ మట్టిలో బంగారం

ఇక ఆరియోమైసిన్. ఇక్కడ మనం కాస్త నిజాయితీగా ఉండాలి. ఆ మందునిచ్చే సూక్ష్మజీవిని గుర్తించింది సుబ్బారావు గారు కాదు. బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రిటైరయ్యాక, 70 దాటిన వయసులో లెడర్లీలో చేరాడు. తెలిసిన వాళ్లందరినీ మట్టి నమూనాలు పంపమని అడిగాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు సాన్‌బోర్న్ ఫీల్డ్ నుంచి విలియం ఆల్‌బ్రెక్ట్ 1945లో మట్టి పంపాడు. 1888 నుంచి పంటల ప్రయోగాలు జరుగుతున్న పొలం అది. అందులో గడ్డి పెంచిన 23వ మడి మట్టిలో బంగారు రంగు పదార్థాన్నిచ్చే జీవి కనబడింది. లాటిన్‌లో బంగారానికి ఉన్న పేరునుబట్టి ఆరియోమైసిన్ అయింది. మనుషుల మీద మొదట వాడి చూసింది హార్లెం ఆసుపత్రిలో డాక్టర్ లూయీ రైట్, ఆనాటి ప్రముఖ నల్లజాతి సర్జన్. 1948 జులైలో మందును లోకానికి ప్రకటించారు. ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. మందుకు ప్రభుత్వ అనుమతి డిసెంబరులో వచ్చింది.

మరి ఆయన పాత్ర ఏమిటి? 70 దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు మట్టి వెతుక్కోవడానికి చోటున్న ప్రయోగశాలను నడపడం. మట్టి వెతికేవాళ్లు, రసాయనాలు వేరు చేసేవాళ్లు, జంతువుల మీద పరీక్షించేవాళ్లు, ఆసుపత్రుల వైద్యులు ఒకరి పని ఒకరికి అందించుకునే పద్ధతి నిలబెట్టడం. నా వృత్తిలో పెద్ద ప్రాజెక్టులు చూసినవాడిగా చెబుతున్నాను, కోడ్ రాసేవాళ్లు దొరుకుతారు, అందరి చేతా పని జరిపించి తన పేరు వెనక్కి పెట్టుకునేవాళ్లు అరుదు.

పెన్సిలిన్ అప్పటికే ఉంది కదా, ఇంకోటి ఎందుకు అనవచ్చు. పెన్సిలిన్ బాక్టీరియా గోడను కట్టనివ్వదు. కానీ ఒక రకం న్యుమోనియాకు అది పనిచేయలేదు. ఆ రోగులు మంచాన పడకుండా, వారాల తరబడి దగ్గుతూ తిరిగేవారు. ఆరియోమైసిన్‌తో వాళ్లు కోలుకున్నారు. కారణం 1960ల మొదట్లో తేలింది. ఆ జబ్బు తెచ్చే మైకోప్లాస్మా అనే జీవికి అసలు గోడే లేదు! ఆరియోమైసిన్ గోడ జోలికి పోదు. జీవి లోపల ప్రోటీన్లు తయారయ్యే చోటును ఆపుతుంది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి ఆదిపురుషుడు ఇదే. దాని వారసుడైన డాక్సీసైక్లిన్‌ను నేటికీ న్యుమోనియాకు ఇక్కడి డాక్టర్లు రాస్తూనే ఉన్నారు.

సూరత్ 1994

ఈ కుటుంబం మందులు మనవాళ్ల ఇళ్లదాకా వచ్చిన సందర్భం ఒకటుంది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు బయటపడింది. అక్కడి మగ్గాల మీద పనికి వెళ్లిన తెలంగాణ నేత కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. లక్షల మంది ఊరు వదిలి రైళ్లెక్కారు. అప్పుడు నేను వరంగల్‌లో హైస్కూల్లో ఉన్నాను. మా వీధిలో ప్రతివాళ్ల నోటా ఒకటే పేరు, టెట్రాసైక్లిన్. జబ్బు లేనివాళ్లు కూడా కొని దాచుకున్నారు, మందుల షాపుల్లో సరుకు అయిపోయింది. ఆ కాప్స్యూల్ పుట్టుకకూ, ఒక భీమవరం మనిషికీ సంబంధముందని ఆ రోజు మాకు చెప్పినవాళ్లు లేరు. సూరత్‌లో సుమారు 50 మంది పోయారు. మందు లేని కాలంలో ఊపిరితిత్తుల ప్లేగు సోకితే బతికి బట్టకట్టినవాళ్లు లేరనే చెప్పాలి.

అరిగిపోయే ఆయుధం

ఈ కథలో చేదు భాగం కూడా ఉంది. సుబ్బారావు గారు పోయిన కొద్ది నెలలకే లెడర్లీలోని థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ ఒక వింత చూశారు. ఆరియోమైసిన్ తయారుచేయగా మిగిలిన పిప్పిని కోళ్ల దాణాలో కలిపితే కోడిపిల్లలు త్వరగా పెరుగుతున్నాయి. 1950 తర్వాత అమెరికా అంతటా కోళ్లకు, పందులకు, పశువులకు దాణాలో ఇలాంటి మందులు కలపడం మామూలైపోయింది. మందుకు లొంగని బాక్టీరియా పెరగడానికి అదొక కారణమైంది. మనుషుల వైద్యానికి ముఖ్యమైన మందులను పశువుల బరువు పెంచడానికి వాడటం ఇక్కడ 2017లో ఆగింది. అంటే దాదాపు 70 ఏళ్లు పట్టింది.

ఇందులో మన వాటా కూడా ఉంది. ఇండియా నుంచి వచ్చే సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన అజిత్రోమైసిన్ స్ట్రిప్పులు ఉండటం మనందరికీ తెలిసిన సంగతే. జలుబుకు, ఫ్లూకు, కోవిడ్‌కు కారణం వైరస్‌లు. వాటికి గోడా లేదు, ప్రోటీన్లు తయారుచేసుకునే సొంత కార్ఖానా లేదు. ఈ మందులు వాటిని ఏమీ చేయలేవు. చేసేదల్లా మన ఒంట్లోని బాక్టీరియాకు ఆ మందు రుచి చూపించి తట్టుకోవడం నేర్పడమే. రేపు నిజంగా న్యుమోనియా వచ్చిన రోజున, మన ఇంట్లో పెద్దవాళ్లకు ఆ మందు పనిచేయకపోవచ్చు.

అదే ఊరు, అదే ప్రాంగణం

లెడర్లీ తర్వాత వైయెత్ చేతికి, 2009లో ఫైజర్ చేతికి వచ్చింది. న్యుమోనియాకు ముఖ్య కారణమైన న్యుమోకాకస్ నుంచి పసిపిల్లలను కాపాడే ప్రెవ్‌నార్ టీకాకు 2000లో అనుమతి వచ్చింది ఈ సంస్థ పేరు మీదే. జర్మనీకి చెందిన బయోఎన్‌టెక్‌తో కలిసి తెచ్చిన కోవిడ్ టీకాకు 2020 డిసెంబరులో అత్యవసర అనుమతి దొరికింది. ఆ పనిలో ఫైజర్ వైపు టీకా పరిశోధన విభాగం కేంద్రం పెర్ల్ రివర్. మన్‌హటన్ నుంచి కారులో గంట దూరం. న్యూజెర్సీలో ఉన్న మన తెలుగు కుటుంబాల్లో ఎందరో ఆ పక్కనుంచే రోజూ వెళుతుంటారు.

న్యుమోకాకస్ టీకా పెద్దలకూ ఉంది. అది తీసుకోవలసిన వయసును సీడీసీ 2024లో 65 నుంచి 50కి తగ్గించింది. మనలో చాలామందిమి ఆ వయసుకు దగ్గర్లోనే ఉన్నాం. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలు ఎప్పుడో దాటేశారు. ఈసారి డాక్టరును ఒక్క మాట అడగండి.

పిల్లలకు సుబ్బారావు గారి గురించి చెప్పేటప్పుడు "అన్నీ ఆయనే కనిపెట్టాడు" అని చెప్పనక్కరలేదు. మిస్సోరీ పొలం మట్టి, విస్కాన్సిన్ వృద్ధుడి ఓపిక, హార్లెం వైద్యుడి ధైర్యం కలిసొచ్చిన చోట, వాళ్ల పని సాగనిచ్చినవాడు మన తెలుగువాడు అని చెబుదాం. అలా చెప్పినంత మాత్రాన ఆయన చిన్నవాడు కాడు. ఊపిరి తీసుకునే తలుపు ఎప్పటికీ మూయలేం. దాని ముందు కాపలా నిలబెట్టడానికి అంతమంది పట్టారు. ఆ కాపలాను అరగకుండా చూసుకోవడానికి మనమందరం కావాలి.