మాచ్నూరు రేడియో స్త్రీలు

1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రము తెరువబడినది మొదలు మన ప్రత్తి, మిరప చేల యొద్దకు రేడియో మాట వచ్చెను. అయితే చేలో కలుపు తీయు స్త్రీ దానిని వినెడిదే గాని, అందులో పలుకుట అరుదు.

తెలంగాణములో జహీరాబాదు దగ్గరనున్న మాచ్నూరు గ్రామమున ఈ వరుస మారెను. దక్కను డెవలప్‌మెంటు సొసైటీ సంఘములలోని దళిత స్త్రీలకు 1998 ప్రాంతమున యునెస్కో సాయముతో రికార్డు యంత్రములు సమకూరెను. ప్రసారము చేయుటకు మాత్రము ప్రభుత్వపు సెలవు లేదు. గాలి తరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పెను గదా! అయినను ఇట్టి సంఘములకు లైసెన్సు ఇచ్చు నియమము 2006 వరకు పుట్టనే లేదు.

అంతవరకు వారేమి చేసిరి? జొన్న, సజ్జ విత్తనముల సంగతులును, ముసలమ్మల పాటలును టేపులలో నింపి, సంఘపు కూటములలో వినిపించుచుండిరి. పదేండ్ల ఓర్పు! పొలము పని, ఇంటి పని ముగించుకొని వచ్చి చేసిన పని యిది.

తుదకు 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జుపై పలికెను. దానిని నడిపిన యువతులు ఇద్దరు. ఇద్దరి పేరును నరసమ్మయే. ఒకరిని అల్గోలు నరసమ్మ అనియు, రెండవవారిని జనరల్ నరసమ్మ అనియు పిలుతురు. అత్తాకోడండ్రు పొలము గట్టుమీద మాటలాడుకొను తెలుగులోనే వారు పలికిరి.