కాపురానికి రుజువెవరు?

తర్లగూడ వద్ద మొదలయ్యే బస్తర్‌లో, మురియా గోండు స్త్రీ నచ్చినవాని ఇంటికి తానే వెళ్లి చేరడమూ వివాహమార్గమే. దానిని పైఠు అంటారు. కేంద్రం నోటిఫై చేస్తే తప్ప 1955 నాటి హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు, ఆచారమే చట్టం. అయితే ఆ ఆచారాన్ని నిరూపించవలసినది ఎవరు?

1978లో బద్రీప్రసాద్ కేసులో, యాభై ఏళ్లు కాపురం చేసిన జంటను సుప్రీంకోర్టు దంపతులుగానే భావించి, రుజువు భారాన్ని కాదనేవారి మీద పెట్టింది. 2001లో మాత్రం, భర్త రెండో పెళ్లిపై ఫిర్యాదు చేసిన ఆదివాసీ మహిళనే, అది చెల్లదనే ఆచారాన్ని చూపమన్నది. ఆమె ఓడిపోయింది. రాతలో లేని ఆచారానికి సాక్ష్యం ఆమె ఎక్కడినుంచి తేగలదు?

2025లో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబపు ఆస్తి తగాదాలో అదే న్యాయస్థానం, స్త్రీకి వాటా లేదనే ఆచారముంటే కాదనేవారే నిరూపించాలన్నది. ఆ తీర్పు కూతురి వారసుల గురించి. పైఠు భార్య గురించి కాదు.