హరిత స్టేడియాలు

పర్యావరణ ప్రమాణాలకు తగ్గట్టు కట్టి, బయటి సంస్థ పరిశీలనకు నిలబడి ధ్రువపత్రం పొందిన క్రీడా ప్రాంగణాలను హరిత స్టేడియాలంటారు. ఈ ధ్రువపత్రాల చరిత్ర కొన్ని దశాబ్దాలదే. ఈ కాలంలో నీటి పొదుపు, కరెంటు పొదుపు లెక్కలు బాగా పదునెక్కాయి. అసలు కొత్త కట్టడం అవసరమా, ఉన్నదాన్ని ఎందుకు కూల్చారు అన్న లెక్క మాత్రం వెనకబడే ఉంది. స్టేడియం విషయంలో ఇది చిన్న లోటు కాదు. ఆఫీసు భవనం ఏడాదిలో చాలా రోజులు పనిచేస్తుంది. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సొంతగడ్డ మీద ఆడేది సీజనుకు పది మ్యాచ్‌లకు అటూ ఇటూనే. కచేరీలు, సభలు కలిపినా వాడకం తక్కువే. అలాంటి చోట రోజువారీ పొదుపు కంటే, ముందే పోసేసిన ఉక్కు, సిమెంటుల భారం ఎక్కువగా లెక్కకు రావాలి.

స్టేడియాలకు ధ్రువపత్రాల కంటే ముందు వాగ్దానాలు వచ్చాయి. 1994 శీతాకాల ఒలింపిక్స్ కోసం నార్వేలోని హామర్‌లో తలపెట్టిన స్కేటింగ్ హాలుకు ఆనుకుని పక్షుల చిత్తడి నేల ఉంది. పర్యావరణవాదులు పట్టుబట్టడంతో హాలు నిలిచే తీరునే మార్చారు. 2000లో సిడ్నీ నిర్వాహకులు పారిశ్రామిక వ్యర్థాలతో పాడైన హోమ్‌బుష్ బేను శుభ్రం చేసి ప్రాంగణం కట్టారు. ప్రధాన స్టేడియం పైకప్పు మీది వాననీటిని పచ్చికకు మళ్లించారు. అదే ఏడాది అమెరికా గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ ‘లీడ్’ రేటింగును మార్కెట్లోకి తెచ్చింది. స్థలం, నీరు, శక్తి, సామగ్రి అంటూ పద్దులవారీగా పాయింట్లు ఇచ్చే పద్ధతి ఇది. దీని కింద హైదరాబాద్‌లోని సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ప్లాటినం సాధించి, అమెరికా వెలుపల ఆ హోదా పొందిన తొలి భవనమైంది. భారతీయ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ ఇప్పటికీ అక్కడి నుంచే నడుస్తోంది.

పెద్ద లీగుల స్టేడియాల వంతు 2008లో వచ్చింది. వాషింగ్టన్‌లోని నేషనల్స్ పార్క్ బేస్‌బాల్ మైదానం సిల్వర్ రేటింగు పొందింది. పక్కన పారే అనకోస్టియా నదిలోకి ప్రేక్షకులు పారేసే వేరుశనగ తొక్కలు కొట్టుకుపోకుండా, కడిగిన నీటిని వడగట్టే ఏర్పాటు అందులో ఉంది. ఇలాంటి పనికి విలువ కట్టడం రేటింగుకు తేలిక. 2017లో అట్లాంటాలోని మెర్సిడెస్ బెంజ్ స్టేడియం 88 పాయింట్లతో ప్లాటినం అందుకుంది. దాదాపు 4,000 సౌర ఫలకాలు, భారీ వాననీటి తొట్లు దాని ఘనత. దాని కోసం తప్పుకున్న, పక్కనే ఉన్న పాత స్టేడియం జార్జియా డోమ్‌ను అదే ఏడాది నవంబరు 20న పేలుడు పదార్థాలతో కూల్చేశారు. దాని వయసు పాతికేళ్లే! కొత్త భవనానికి దక్కిన 88 పాయింట్లలో ఆ కూల్చివేతకు తగ్గ కోత కనిపించదు. రేటింగు కట్టినదాన్ని కొలుస్తుంది, పోగొట్టినదాన్ని కాదు.

ఈ విమర్శకు గట్టి జవాబే ఉంది. ఒకటి, జట్లు ఎలాగూ కొత్త స్టేడియం కడతాయి, రేటింగు లేకపోతే ఈ మాత్రం జాగ్రత్తా ఉండేది కాదు. ఇది నిజమే. రెండు, పాత కట్టడాలు కరెంటునూ నీటినీ తెగ తాగుతాయి కాబట్టి వాటిని పట్టుకుని వేలాడటం దండగ. ఇది సగమే నిజం. సియాటిల్‌లో 1962 నాటి ప్రపంచ ప్రదర్శన భవనం పైకప్పును తాత్కాలిక ఆధారాల మీద నిలబెట్టి, కింద లోతుగా తవ్వి 2021లో క్లైమేట్ ప్లెడ్జ్ ఎరీనాను తెరిచారు. ఆ కప్పు మీద పడే వాననీటితోనే హాకీ మంచు తయారవుతుంది. ఖర్చు వంద కోట్ల డాలర్లు దాటింది, కప్పు కింద మిగిలిన పాత భాగమూ తక్కువే. అయినా పాతదాన్ని నిలబెట్టడం సాధ్యమని తేలింది. లండన్ మరో దారి పట్టింది. 2012 ఒలింపిక్ స్టేడియంలోని 80,000 సీట్లలో 55,000 తొలగించేలా కట్టారు, పైకప్పు ఉక్కులో కొంత మిగిలిపోయిన గ్యాస్ గొట్టాలదే. కానీ తర్వాత దాన్ని ఫుట్‌బాల్‌కు మార్చడానికి 32 కోట్ల పౌండ్లకు పైగా అయ్యింది. ఎవరు వాడతారో ముందే తేల్చుకోకపోతే ఎంత తెలివైన డిజైనైనా అక్కరకు రాదు.

బ్రెజిల్, ఖతార్ ప్రపంచకప్పులు ఈ చిక్కును పెద్ద ఎత్తున చూపాయి. అమెజాన్ అడవుల నడుమ మనౌస్‌లో 2014 కోసం కట్టిన స్టేడియానికి లీడ్ గుర్తింపు ఉంది, నిండా జనాన్ని తెచ్చే స్థానిక జట్టే అప్పట్లో లేదు. ఖతార్ తన స్టేడియాలకు ‘జీఎస్‌ఏఎస్’ అనే ప్రాంతీయ రేటింగు తీసుకుంది. 974 షిప్పింగ్ కంటైనర్లతో కట్టిన స్టేడియాన్ని విప్పి మరోచోట బిగించవచ్చు. అయితే విప్పదీసే కట్టడం నిజంగా తరలి, మరోచోట కొత్త కట్టడాన్ని తప్పించినప్పుడే ఆ ఏర్పాటు గిట్టుబాటవుతుంది. ప్రపంచకప్పు ముగిసిన రెండేళ్లకు, 2024 డిసెంబరులోనూ దోహాలోని అదే చోట అందులో మ్యాచ్‌లు జరిగాయి. ఖతార్ టోర్నీ కర్బన తటస్థమని ఫిఫా చేసిన ప్రచారాన్ని 2023లో స్విట్జర్లాండ్ ప్రకటనల నియంత్రణ సంస్థ తప్పుపట్టింది.

ఉక్కు, సిమెంటుల భారాన్ని లెక్కించని ఈ లోటు రేటింగు సంస్థలకూ తెలుసు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన లీడ్ ఐదో రూపం, నిర్మాణ సామగ్రిలో ఇమిడిన కర్బనాన్ని లెక్కగట్టడాన్ని తప్పనిసరి చేసింది. లెక్క చూపితే ఆ షరతు తీరినట్టే. దాన్ని తగ్గించడం మాత్రం, ప్లాటినం కంటే కింది రేటింగులకు, పాయింట్ల కోసం ఎంచుకునే పనిగానే మిగిలింది.