ఏడాది తిరిగితేగానీ గులాబీ సంగతి తెలియదు

దగ్గరకి జరిగి కూర్చోండర్రా. ధనుర్మాసం మంచు వీపుకి తగిలిందంటే తెల్లారేసరికి జలుబే. ఇందాక పెద్దమ్మాయి అడిగింది కదా, "హైదరాబాదులో మేడ మీద నాలుగు కుండీలు పెట్టుకుంటాను, ఏ గులాబీ మంచిదో చెప్పు తాతయ్యా" అని. ఒక్క ముక్కలో తేలేది కాదమ్మా అది. నా వయసంతా కడియం తోటల్లో అంటు కత్తి పట్టుకునే గడిచింది. ఎన్నో రకాలు వచ్చాయి. కొన్ని నిలిచాయి, కొన్ని పేరు కూడా మిగలకుండా పోయాయి. వాటి సంగతి వరసగా చెబుతాను, విను. ఏది మంచిదో నీకే తెలుస్తుంది.

మా చిన్నతనంలో గులాబీ అంటే నాటు గులాబీయే. పన్నీరు గులాబీ అని కూడా అనేవారు. లేత రంగు, గట్టిగా పట్టుకుంటే రాలిపోయే రెక్కలు, కొమ్మ నిండా ముళ్ళు. మా అమ్మ బావి గట్టున పెంచేది. బియ్యం కడిగిన నీళ్ళు దానికే, పాలగిన్నె తొలిపిన నీళ్ళు దానికే. పొద్దున్నే తలుపు తీస్తే వాసన గుమ్మందాకా వచ్చేది. దేవుడికి రెండు, జడలోకి ఒకటి. మిగిలిన పూల రెక్కలు పటికబెల్లంతో కలిపి జాడీలో వేసి ఎండలో పెడితే గుల్కందు. ఆ మొక్కని మా వీధిలో ఎవరూ డబ్బిచ్చి కొనలేదు. ముదురు కొమ్మ ఒకటి కత్తిరించి వానాకాలంలో తడి నేలలో గుచ్చితే బతికేది. ఆడపిల్లలు పుట్టింటి నుంచి అత్తింటికి కొమ్మ పట్టుకెళ్ళేవారు. అలా ఊళ్ళు దాటింది.

అది అచ్చంగా మన నేలలో పుట్టిందే అనుకునేవాళ్ళం. తోటలో పనికి చేరాక పెద్దవాళ్ళు చెప్పారు, ఎడ్వర్డ్ గులాబీ అని పిలిచే ఆ రకం హిందూ మహాసముద్రంలో ఒక దీవిదని. ఇప్పుడు రీయూనియన్ అంటారు, అప్పట్లో దాని పేరు బూర్బన్. అక్కడి రైతులు చేల చుట్టూ కంచెకి చైనా గులాబీ, డమాస్క్ గులాబీ కలిపి వేసేవారు. ఆ రెండూ కలిసి ఇది పుట్టింది. 1820 ప్రాంతానికే ఫ్రాన్సు తోటలవాళ్ళ కంట పడింది. డమాస్క్ నుంచి దీనికి వాసన వచ్చింది, చైనాదాని నుంచి మళ్ళీ మళ్ళీ పూసే గుణం వచ్చింది.

ఆ మళ్ళీ పూసే గుణమే గులాబీ చరిత్రని తిప్పేసింది. ఐరోపాలో పాత రకాలు చాలామటుకు ఏడాదికి ఒక్క విడతే పూసేవి. చైనా నుంచి మొక్కలు తీసుకెళ్ళే ఓడలు కలకత్తాలో ఆగేవి. మొక్కలు అక్కడి బొటానికల్ గార్డెన్‌లో కొన్నాళ్ళు కోలుకుని బయల్దేరేవి. అందుకే ఐరోపావాళ్ళు వాటిని బెంగాల్ గులాబీలు అన్నారు. వాటితో సంకరం చేసుకుంటూ పోగా, 1867లో ఫ్రాన్సులో గియో అనే ఆయన లా ఫ్రాన్స్ అనే రకాన్ని తెచ్చాడు. హైబ్రిడ్ టీ తరగతికి మొదటి గులాబీగా దాన్నే లెక్కపెడతారు. పూల దుకాణంలో నువ్వు చూసే పొడుగు కాడ, కోసుగా నిలబడే మొగ్గ, అదంతా ఆ వంశమే.

ఆ వంశం మా తోటల్లోకి అంటుకన్నుల రూపంలో వచ్చింది. చలికాలం వస్తే మాకు ఊపిరి సలిపేది కాదు. నాటు మొక్క కాండం పెన్సిలంత లావుండాలి. నేలకి జానెడు లోపే, ముళ్ళు గిల్లేసి, తడిగుడ్డతో తుడిచి, కత్తితో అడ్డంగా ఒక గాటు, నిలువుగా ఒక గాటు పెట్టేవాళ్ళం. కత్తి వెనక మొనతో బెరడు లేపితే లోపల తెల్లగా, జిగురుజిగురుగా కనబడాలి. బెరడు అంటుకుపోయి లేవకపోతే ఆ రోజు ఆ మొక్క జోలికి పోకూడదు. ఇక కావాల్సిన రకం కొమ్మ. పువ్వు రాలిన కొమ్మే తీసుకోవాలి. దాని ముల్లుని వేలితో పక్కకి నొక్కితే టక్కున ఊడాలి, అప్పుడు కన్ను ముదిరినట్టు లెక్క. కన్నుని పల్చటి చెక్కుతో సహా కోసి, ఆకు తీసేసి తొడిమ మాత్రం ఉంచి, బెరడు కిందకి దింపి, కన్ను బయటికి కనబడేలా అరటినారతో చుట్టేవాళ్ళం. పాలిథిన్ పట్టీలు తర్వాత వచ్చాయి. రెండు మూడు వారాలకి ఆ తొడిమని వేలితో అలా తాకితే రాలిపోవాలి. రాలితే అంటు పట్టినట్టు. ఎండి అక్కడే అతుక్కుని ఉంటే కన్ను చచ్చినట్టు. ఇప్పటికీ ఇంతకు మించిన పరీక్ష నేను చూడలేదు.

ఇక రకాల సంగతి. అందరూ ముందు అడిగేది పీస్. పసుపుపచ్చ పువ్వు, రెక్కల అంచున గులాబి రంగు, రెండు చేతులూ కలిపి పట్టుకోవాల్సినంత పెద్దది. ఫ్రాన్సులో ఫ్రాన్సిస్ మేయాన్ అనే ఆయన 1935లో దీనికి పరాగం కట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొస్తోందని 1939లోనే కొమ్మలు జర్మనీకి, ఇటలీకి, అమెరికాకి పంపేశాడు. ఫ్రాన్సులో వాళ్ళమ్మ పేరు పెట్టుకున్నాడు. జర్మనీలో గ్లోరియా డెయీ, ఇటలీలో జోయా అన్నారు. 1945లో యుద్ధం ముగుస్తుండగా అమెరికాలో పీస్ అని పేరు పెట్టి, శాన్ ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి కోసం చేరిన ప్రతినిధులకి తలొక పువ్వు ఇచ్చారు. ఇంత గొప్ప పువ్వే కానీ, మా గోదావరి గాలికి పుష్యమాసంలో పూసినంత పువ్వు ఏప్రిల్‌లో పూయదు. రంగు వెలిసిపోతుంది, పరిమాణం సగానికి పడిపోతుంది. వానలొస్తే ఆకు మీద నల్లమచ్చ.

పసుపు గులాబీలకి ఆ నల్లమచ్చ ఎందుకు ఎక్కువో చెబుతాను, ఇది తెలిస్తే సగం కష్టం తగ్గుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా హైబ్రిడ్ టీ తరగతి గులాబీల్లో ముదురు పసుపు లేదు. పెర్షియన్ ఎల్లో అనే పశ్చిమాసియా గులాబీతో పెర్నె-డ్యూషే అనే ఫ్రెంచి ఆయన ఏళ్ళ తరబడి సంకరం చేసి, 1900లో సొలేయ్ డోర్ తెచ్చాడు. అక్కణ్ణుంచే మనకి పసుపు, నారింజ, రాగి రంగులన్నీ. ఆ రంగుతో పాటే నల్లమచ్చకి లొంగే గుణమూ వచ్చింది. కాబట్టి పసుపు రకం పెట్టుకుంటే ఆకులు తడవకుండా మొదట్లోనే నీళ్ళు పొయ్యి, మచ్చపడి రాలిన ఆకు కుండీలో ఉంచకు. మొక్కల మధ్య గాలి ఆడాలి.

పాపా మేయాన్ అని ఇంకొకటి. 1963లో వచ్చింది. ఆ మేయాన్ ఇంటివాళ్ళదే, మనవడు తాత పేరు పెట్టుకున్నాడు. ఎరుపు అంటే మామూలు ఎరుపు కాదు, మొగ్గలో నలుపే కనిపిస్తుంది. పొద్దున ఏడింటికి మంచు బొట్లతో ఉన్నప్పుడు దగ్గరకి ముఖం పెడితే ఆ వాసన గొంతులోకి దిగుతుంది. అదే పువ్వుని మిట్టమధ్యాహ్నం చూడు. అంచులు కాలి, ముడుచుకుని, నల్లగా కమిలిపోతాయి. కొమ్మ బలం కూడా తక్కువ, బూడిద తెగులు తొందరగా పడుతుంది. మధ్యాహ్నం నీడ ఇవ్వగలిగినవాళ్ళకే అది.

సూపర్ స్టార్ 1960లో జర్మనీ నుంచి టాంటౌ తెచ్చాడు. అమెరికాలో ట్రాపికానా అంటారు. మెరిసే సింధూరపు నారింజ. అంతకు ముందు పెద్ద గులాబీల్లో ఆ మెరుపు చూసిన కళ్ళు లేవు. తోటకి వచ్చినవాళ్ళు తిన్నగా దాని దగ్గరకే నడిచేవారు. ఇక క్వీన్ ఎలిజబెత్, 1954 నాటిది, అమెరికాలో లామర్ట్స్ తయారు చేశాడు. వాసన అంతంతమాత్రం. కానీ మొండి మొక్కమ్మా. మనిషెత్తు లేస్తుంది, గులాబి రంగు పువ్వులు గుత్తులుగా ఇస్తుంది, ఎండకీ వానకీ చెక్కుచెదరదు. ఐస్‌బర్గ్ 1958లో జర్మనీలో కోర్డెస్ వాళ్ళ దగ్గర పుట్టింది. తెల్లటి గుత్తులు. ఒక్కొక్క పువ్వు చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. పన్నెండు నెలలూ చూస్తే దానంత నమ్మకమైన మొక్క నాకు కనబడలేదు. పోటీ ప్రదర్శనలో కప్పు పీస్‌కి వస్తే రావచ్చు, ఇంటి గుమ్మానికి మాత్రం నేను ఐస్‌బర్గే ఇచ్చేవాణ్ణి.

ఇవన్నీ చల్లటి దేశాల్లో పుట్టినవి. మన దేశంలో మన ఎండకి గులాబీ తయారు చేయాలని కంకణం కట్టుకున్న పెద్దమనిషి బి.పి.పాల్. గోధుమ శాస్త్రవేత్త. గోధుమకి కుంకుమ తెగులు తట్టుకునే రకాలు తయారు చేసిన చేతులు అవి. 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ పనుల మధ్యే గులాబీలు పెంచారు, 1966లో మన దేశపు గులాబీల మీద పెద్ద పుస్తకం రాశారు. హోమీ భాభా పేరుతో తెల్ల గులాబీ ఆయనదే. ఢిల్లీ పూసా సంస్థలో మోహిని అని ఒకటి వచ్చింది, కాఫీ పొడి కలిపినట్టుండే రంగు. మృణాళిని అని గులాబి రంగుది. ఆ పేర్లు పలుకుతుంటేనే మన మొక్క అనిపించేది.

మనవైపు సంబంధం ఉన్న ఇంకో పెద్దాయన వీరరాఘవన్. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ఉద్యోగం ముందుగానే వదులుకుని, కొడైకెనాల్‌లో భార్య గిరిజ గారితో కలిసి గులాబీలకే జీవితం ఇచ్చేశారు. ఆయన ఆలోచన నాకు చాలా నచ్చింది. వేడి దేశానికి గులాబీ కావాలంటే వేడి దేశపు అడవి గులాబీ రక్తమే కలపాలన్నారు. మణిపూర్ కొండల్లో చెట్లెక్కే రోజా గిగాంటియా, బెంగాల్ చిత్తడిలో నీళ్ళు నిలిచినా బతికే రోజా క్లైనోఫిల్లా, ఈ రెండూ తీసుకుని సంకరాలు కట్టారు. వృక్షశాస్త్రవేత్త ఇ.కె.జానకీ అమ్మాళ్ పేరుతో ఒక గులాబీ ఇచ్చారు. వానకి ఆకు రాల్చే మొక్కల్ని ఇన్నేళ్ళు చూసినవాణ్ణి కనక ఆ పని విలువ నాకు తెలుసు.

ఇప్పుడు అసలు మాట. నర్సరీలో పువ్వు చూసి ఎవరూ మోసపోవద్దు. డిసెంబరులో ప్రతి గులాబీ అందంగానే ఉంటుంది. రకాన్ని ఎంచాలంటే నాలుగు కాలాల్లో చూడాలి. శ్రావణ భాద్రపదాల వానల్లో ఆకు ఎంత నిలిచింది? దసరా దాటాక కత్తిరిస్తే మొదట్నుంచి కొత్త కొమ్మ లేచిందా, లేక కోసిన చోటు నుంచి కిందకి ఎండుకుంటూ వచ్చిందా? కత్తిరించిన నెలన్నరకి పూలు అందాయా? రోహిణి ఎండల్లో మొగ్గ విచ్చుకుందా, మాడిందా? ఈ నాలుగింటికీ జవాబు చెప్పిన మొక్కే మంచి మొక్క. రెండు రకాలు పోల్చాలంటే రెండింటికీ ఒకే మట్టి, ఒకే ఎండ, ఒకే రోజు కత్తిరింపు ఉండాలి. ఒకదానికి వేపపిండి వేసి రెండోదాన్ని ఎండబెట్టి, ఇది గొప్పది అది కాదు అంటే అది పోలిక కాదు.

ఇంకొకటి. "మా ఎర్ర గులాబీ రెండేళ్ళకి రంగు మారిపోయింది" అని వచ్చేవారు. రంగు మారదమ్మా. అంటు కింద నుంచి నాటు కొమ్మ లేచి, పైదాన్ని తొక్కేస్తుంది. దానికి మన నాటు మొక్క బలం ఉంటుంది కదా. అంటు కణుపుకి కింద ఏది లేచినా మట్టి తీసి, పుట్టిన చోటునే పీకెయ్యాలి. పైన కత్తిరిస్తే ఇంకా గుబురుగా వస్తుంది.

కాబట్టి పెద్దమ్మాయీ, నీ నాలుగు కుండీలూ ఇలా పెట్టుకో. అడుగు వెడల్పుకి తగ్గని కుండీ, అడుగున నీళ్ళు పోయే దారి, పొద్దుటి ఎండ తగిలే చోటు. ఒకటి ఐస్‌బర్గ్, ఒకటి క్వీన్ ఎలిజబెత్, ఈ రెండూ నీకు ధైర్యం ఇస్తాయి. మూడోది మన దేశంలో పుట్టిన రకం, దొరికేదాకా అడుగు. అడిగేవాళ్ళు లేకే అవి నర్సరీల్లో కనబడకుండా పోతున్నాయి. నాలుగోది నాటు గులాబీ, కొమ్మ నేనిస్తాను. ప్రతి కుండీకి రేకు ముక్క మీద పేరు, నాటిన నెల రాసి కట్టు. పేరు పోయిన మొక్కని ఇంకొకళ్ళకి చెప్పలేం, ఇంకొకళ్ళ దగ్గర వెతకలేం. రకాలు పోవడం అక్కణ్ణుంచే మొదలవుతుంది. మీరందరూ కూడా అంతే, పేరు అడగకుండా మొక్క కొనకండి, ఏడాది పెంచకుండా ఏ గులాబీనీ మంచిదనీ చెడ్డదనీ అనకండి.