అద్దంలో వెన్నెల: ఇమామ్ గజాలీ రచనలలో విజ్ఞానశాస్త్రం, దైవసామీప్యం

వెన్నెల రాత్రి ఇంటి కిటికీ గుండా చంద్రకాంతి లోపలికి వచ్చి, గోడకు తగిలించిన అద్దంపై పడుతుంది. అద్దం ఆ కాంతిని ఎదురుగోడ మీదికి మళ్ళిస్తుంది. ఆ గోడ నుండి కొంత వెలుగు నేలకు చేరుతుంది. నేల మీద కనిపించే ఈ వెలుగు ఎవరిది? నేలదా, గోడదా, అద్దానిదా, చంద్రునిదా? హుజ్జతుల్ ఇస్లామ్ ఇమామ్ అబూ హామిద్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) తమ ‘మిష్కాతుల్ అన్వార్’ గ్రంథంలో, దాసునికీ అల్లాహ్‌కూ గల సామీప్యాన్ని వివరించడానికి ఎన్నుకున్న దృశ్యం ఇది. మిష్కాత్ అనగా దీపం ఉంచే గూడు. దివ్య ఖుర్ఆన్ సూరా నూర్‌లోని 35వ ఆయతుకు వ్యాఖ్యగా వెలసిన చిన్న గ్రంథమది.

భక్తిని గురించి వ్రాసేవారు పువ్వులను, దీపాలను, సముద్రాలను ఉపమానాలుగా తీసుకోవడం మామూలే. గజాలీ మార్గం వేరు. ఆయన తమ కాలపు రేఖాగణితాన్ని, ఖగోళశాస్త్రాన్ని, వైద్యాన్ని, కాంతిని గురించిన జ్ఞానాన్ని పనిముట్లుగా వాడుకున్నారు. ఇది అలంకారం కోసం చేసిన పని కాదని ఆయన జీవితమే చెబుతుంది.

హిజ్రీ 450 (క్రీ.శ. 1058)లో ఖురాసాన్‌లోని తూస్‌లో జన్మించిన గజాలీని, 484 (1091)లో సల్జూఖీ మంత్రి నిజాముల్ ముల్క్ బాగ్దాదులోని నిజామియా మద్రసాకు ఆచార్యునిగా నియమించాడు. ఆ కాలంలో ఒక విద్వాంసుడు ఆశించగల పదవులలో అంతకు మించినది లేదనవచ్చు. అయినా ఆయన జీవితంలో ఒక దశలో సందేహం ఆవరించింది. నిశ్చయజ్ఞానం అనేది అసలు సాధ్యమా అన్నది ఆ సందేహం. ‘అల్ మున్ఖిజ్ మినద్దలాల్’ అనే ఆత్మకథలో ఆయన దానిని దాచకుండా వ్రాసుకున్నారు. కన్ను నీడను చూసి అది కదలడం లేదంటుంది; గంట గడచిన తర్వాత చూస్తే అది కదిలిందని, అదీ ఒక్కసారిగా గాక అణువణువుగా జరిగిందని తెలుస్తుంది. కన్ను నక్షత్రాన్ని దీనారు నాణెమంత చేసి చూపుతుంది. రేఖాగణిత నిరూపణలు మాత్రం అది భూమి కన్నా పెద్దదని తేలుస్తాయి. కంటి తీర్పును బుద్ధి కొట్టివేసింది. మరి బుద్ధి తీర్పును కొట్టివేయగల న్యాయాధికారి దాని వెనుక ఎవరైనా ఉన్నాడేమో! ఈ ప్రశ్న దాదాపు రెండు నెలలు ఆయనను పట్టి పీడించింది. ఆ స్థితి నుండి బయటపడింది వాదనల వల్ల కాదనీ, అల్లాహ్ తమ హృదయంలో ప్రవేశపెట్టిన ఒక కాంతి వల్లననీ ఆయన వ్రాశారు. ‘కాంతి’ అనే మాట గజాలీ కలం నుండి వెలువడినప్పుడు, దాని వెనుక ఈ అనుభవం ఉన్నదని పాఠకుడు మరువరాదు.

ఆ తర్వాతి సంగతి ప్రసిద్ధమే. 488 రజబ్ మాసంలో (1095) పాఠం చెబుదామంటే నాలుక కదలలేదు, అన్నం సయించలేదు. ఇది హృదయానికి సంబంధించిన వ్యాధి అని వైద్యులు చేతులెత్తేశారు. అదే సంవత్సరం జుల్‌ఖాదాలో ఆయన పదవిని విడిచి డెమాస్కసుకు, అక్కడి నుండి జెరూసలేముకు, పిమ్మట హజ్జుకు వెళ్లారు.

ఇంతటి వైరాగ్యం కలిగిన వ్యక్తి విజ్ఞానశాస్త్రాలను త్రోసిపుచ్చి ఉంటారని ఊహించేవారు ఈనాటికీ ఉన్నారు. ఇది పొరపాటు. తత్త్వవేత్తలను ఖండిస్తూ వ్రాసిన ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ పీఠికలోనే ఆయన గ్రహణాల విషయం ఎత్తుకున్నారు. సూర్యునికీ చంద్రునికీ నడుమ భూమి అడ్డురావడమే చంద్రగ్రహణం. దీనికి గణిత, రేఖాగణిత నిరూపణలు ఉన్నాయి. దీనిని కాదనడమే ధర్మరక్షణ అనుకునేవాడు ధర్మానికి హాని చేస్తున్నాడన్నది ఆయన తీర్పు. ఎందుకంటే నిరూపణ తెలిసినవాడు గ్రహణాన్ని అనుమానించడు, ధర్మాన్నే అనుమానిస్తాడు. ఇస్లాముకు తెలివిలేని మిత్రుడు చేసే కీడును గజాలీ ఎంత స్పష్టంగా చూశారో ఇచ్చట తెలుస్తుంది.

అయితే అన్ని ఉపమానాలూ కాలానికి సమంగా నిలువలేదు. పారశీకంలో వ్రాసిన ‘కీమియాయె సఆదత్’ పేరులోనే రసవాదం ఉన్నది. రాగిని బంగారం చేసే రసవాదం ప్రతి ముసలమ్మ ఇంటిలోనూ దొరకదు, రాజుల ఖజానాలోనే దొరుకుతుంది. మనిషిని పశుత్వం నుండి ఎత్తి శాశ్వత సౌఖ్యానికి చేర్చే రసవాదం కూడా అల్లాహ్ ఖజానాలో తప్ప మరెక్కడా దొరకదని అందులోని భావం. రసవాదుల ఆశ వమ్మయి చాలాకాలమైంది. ఏ కొలిమిలోనూ రాగి బంగారం కాలేదు. శాస్త్రం కూలినా పుస్తకం నిలిచిందంటే, ఉపమానపు బరువు శాస్త్రం మీద గాక మనిషి మారవలసిన అవసరం మీద మోపినందువల్లనే.

కాంతి విషయంలో అట్టి చిక్కు రాలేదు. గజాలీకి ముందు తరంలోనే బస్రాకు చెందిన ఇబ్నుల్ హైసమ్ కైరోలో ‘కితాబుల్ మనాజిర్’ రచించి, చూపు కంటి నుండి వెలువడదని, కాంతియే వస్తువు నుండి కంటిని చేరుతుందని నిరూపించారు. చంద్రకాంతిపై ప్రత్యేక గ్రంథం కూడా వ్రాశారు. చంద్రుని వెలుగు సూర్యుని నుండి వచ్చినదేనన్నది అప్పటి పండితులకు తెలిసిన విషయం. గజాలీ కట్టిన వరుస అంతా ఈ పునాది మీదనే నిలిచింది. నేల వెలుగు గోడది, గోడ వెలుగు అద్దానిది, అద్దపు వెలుగు చంద్రునిది, చంద్రుని వెలుగు సూర్యునిది. ఈ వరుసలో దగ్గర, దూరం అనేవి మూరలతో కొలిచేవి కావు; అవి అంతస్తులు. మూలానికి దగ్గరైనది ఎక్కువ వెలుగును పొందుతుంది. కాని ఎంత పొందినా అది అరువే. అరువు గుడ్డలు కట్టుకొని, అరువు గుర్రమెక్కి ఊరేగేవాడు ధనవంతుడా అని ఆయన అడుగుతారు. స్వతహాగా వాడు ఎప్పటి పేదవాడే, ధనవంతుడు ఇచ్చినవాడే.

ఇక్కడొక ప్రమాదం పొంచి ఉన్నది. వెలుగుతో నిండిన అద్దం తానే సూర్యుణ్ణనుకుంటే? ఇది ఊహకు తోచిన ప్రశ్న కాదు. గజాలీ పాఠం చెప్పిన అదే బాగ్దాదులో, 309 (922)లో మన్సూర్ హల్లాజ్‌కు మరణదండన జరిగింది. ‘అనల్ హఖ్’ అన్న మాట ఆయన పేరుతో ముడిపడి ఉన్నది. గజాలీ అట్టివారిని తిట్టలేదు, సమర్థించనూ లేదు. ఆయన మళ్ళీ అద్దాన్నే తీసుకున్నారు. అద్దాన్ని ఎన్నడూ ఎరుగని వ్యక్తి హఠాత్తుగా దానిలో చూచి, కనబడే రూపం అద్దానిదేననుకుంటాడు. గాజుపాత్రలోని మద్యాన్ని చూచి అది గాజు రంగేననుకుంటాడు. తన్మయత్వంలో పలికిన మాటలు ఇట్టివే. మత్తు దిగి, అల్లాహ్ భూమిపై నిలిపిన త్రాసు వంటి బుద్ధికి తిరిగి లోబడినప్పుడు, జరిగింది ఐక్యం కాదనీ, ఐక్యాన్ని పోలినది మాత్రమేననీ వారికి తెలుస్తుంది. దాసుడు దాసుడే, ప్రభువు ప్రభువే. కవులు చేయి జారవిడిచిన చోట, అద్దం స్వభావం తెలిసిన ఈ పండితుడు తౌహీద్‌ను భద్రంగా పట్టుకున్నారు.

చివరకు ఆయన తమ ఉపమానం ఎక్కడ ఆగిపోతుందో కూడా తామే చూపారు. పచ్చని చెట్లను చూచేవాడు పచ్చదనం తప్ప మరేమీ చూడలేదంటాడు. ఆ పచ్చదనాన్ని చూపిన వెలుగు అతనికి స్ఫురించదు. ప్రొద్దు గూకి చీకటి క్రమ్మినప్పుడు గాని, రంగు వేరు, వెలుగు వేరు అని అతనికి తెలియదు. అనగా వెలుగు ఉనికికి సాక్ష్యం వెలుగు లేకపోవడమే. సూర్యుడు అస్తమిస్తాడు గనుక మనకు ఆ సాక్ష్యం లభించింది. అన్నిటినీ ఉనికిలోకి తెచ్చిన అల్లాహ్ నూర్‌కు అస్తమయం లేదు. దానిని ప్రక్కకు తీసి, తేడా చూచి నిర్ధారించుకునే వీలు సృష్టిలో ఎవరికీ లేదు. కన్ను మరీ దూరమైన దానినే గాక, మరీ దగ్గరైన దానిని కూడా చూడలేదని అదే గ్రంథంలో కంటి లోపాలను చెప్పేటప్పుడు ఆయన పేర్కొన్నారు. సూర్యుని ఉపమానం పగలూ రాత్రీ ఉన్న లోకానికి చెందినది. ఆయన చెప్పదలచిన సామీప్యంలో రాత్రి లేదు.

499 (1106)లో గజాలీ నీషాపూర్‌లో మళ్ళీ పాఠం చెప్పడానికి అంగీకరించారు. కొంతకాలానికి తూస్‌కు తిరిగి వెళ్లి, 505 (1111)లో అక్కడే కన్నుమూశారు.