తీసి పెట్టుకునే పళ్ళ క్లిప్పులు

వంకరగా వచ్చిన ముందు పళ్ళను సరిచేయడానికి పిల్లలు తామే పెట్టుకుని, తామే తీయగలిగే సాధనాలివి. అంగిలికి ఆనుకునే ప్లేటు, దవడ పళ్ళను పట్టుకునే తీగ కొక్కేలు, పన్నును నెట్టే స్ప్రింగు, ఇంతే సరంజామా. వీటి చరిత్రంతా రెండు చిక్కుల చుట్టూ తిరిగింది: ప్లేటు నోట్లో నిలవాలి, పిల్లలు దాన్ని తీసి దాచేయకూడదు.

మొదటి ప్లేట్లు వల్కనైట్ అనే గట్టి రబ్బరువి. అది కట్టుడు పళ్ళ కోసం వచ్చిన సరుకు. 1881లో వాల్టర్ కాఫిన్ ప్లేటును మధ్యకు చీల్చి, పియానో తీగ స్ప్రింగుతో పై పళ్ళ వరుసను వెడల్పు చేసే పద్ధతిని లండన్‌లో వివరించాడు. తరువాత అమెరికా ఎడ్వర్డ్ యాంగిల్ బాటలో పళ్ళకు కదలకుండా అమర్చే బిగింపుల వైపు వెళ్ళింది; యూరప్ మాత్రం చాలాకాలం ప్లేట్లనే నమ్ముకుంది. అందులో ఖర్చు పాత్ర తక్కువేమీ కాదు. డెన్మార్క్‌కు చెందిన దంతవైద్యుడు విగో ఆండ్రెసన్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. కూతురు వేసవి సెలవులకు వెళుతుంటే బిగింపులు తీసేసి, కింది దవడను ముందుకు మళ్ళించే ప్లేటు ఇచ్చాడు. తిరిగొచ్చేసరికి దవడల పొందిక మెరుగుపడింది. యాక్టివేటర్ అనే సాధనానికి మూలం అదే.

అసలు మలుపు బెల్‌ఫాస్ట్‌లో వచ్చింది. 1950 ప్రాంతంలో ఫిలిప్ ఆడమ్స్ 0.7 మి.మీ. స్టీలు తీగను రెండు బాణపు మొనలుగా వంచి, దవడ పన్ను బుగ్గవైపు రెండు మూలల్లో, ఉబ్బు కింద దూర్చాడు. ప్లేటు జారడం మానేసింది.

ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లల్లో పై పన్ను ఒకటి కింది పళ్ళ వెనక్కి పడితే ఈ క్లిప్పు బాగా పనికొస్తుంది. దవడ పళ్ళపై పలుచని పొర కాటును కాస్త తెరిచి ఉంచుతుంది, వెనకనున్న 0.5 మి.మీ. జెడ్ స్ప్రింగు పన్నును నెలకు సుమారు ఒక మిల్లీమీటరు ముందుకు నెడుతుంది. పన్ను దాటాక కింది పళ్ళే దాన్ని వెనక్కి రానివ్వవు. అయితే క్లిప్పు పన్నును వాల్చగలదు గానీ, వేరుతో సహా జరపలేదు. వేసుకోకుండానే వేసుకున్నామని చెప్పే పిల్లలను డాక్టరు వాళ్ళ మాటతీరుతోనే పట్టేస్తారు: క్లిప్పుకు అలవాటైన నోట్లో మాట తడబడదు.

బ్రాకెట్లు అనే చిన్న బిగింపులను నేరుగా పంటికి అంటించే రోజులు వచ్చాక వీటి వాడకం తగ్గింది. చికిత్స ముగిశాక పళ్ళు మళ్ళీ జరగకుండా చార్లెస్ హాలీ రూపొందించిన ప్లేటును మాత్రం నేటికీ ఇస్తున్నారు. మన డెంటల్ కాలేజీల్లో బీడీఎస్ విద్యార్థులు ఇప్పటికీ ఆడమ్స్ కొక్కెం వంచడం నేర్చుకుంటారు.